అలకదిబ్బ మీద ఒక పూట

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ చిన్నది. నలుగురెక్కితే భుజాలు తగులుతాయి. మొన్న ఉదయం అందులో ముగ్గురమే ఉన్నాం. నేను, ఎదురు ఫ్లాట్‌లో ఉండే కుర్ర దంపతులు. అతను మీటల వైపు తిరిగి నిలబడ్డాడు, ఆమె అద్దం వైపు.

"ఆంటీ, స్కూటీ తాళం బల్ల మీదే ఉందని చెప్పండి," అన్నాడతను నాతో.

"నేను ఆటోలో పోతున్నానని చెప్పండి ఆంటీ," అంది ఆ అమ్మాయి, అదీ నాతోనే.

నాకు నవ్వొచ్చింది. "మా చిన్నప్పుడైతే మిమ్మల్నిద్దర్నీ అలకదిబ్బ మీద దించేసి వచ్చేవాళ్ళం," అన్నాను.

"అదెక్కడండీ? రిసార్టా?"

"దీవిలో."

"అండమాన్సా?"

"కాదమ్మా, మన కృష్ణలోనే. చల్లపల్లి దాటి, అవనిగడ్డ దాటి, ఇక నేల లేదనేదాకా పోతే వస్తుంది."

ఆమె ఫోన్‌లో వెతికింది. పచ్చటి మరకా, అందులో నీలం గీతలూ తప్ప ఏమీ కనబడలేదు. "అట్టాంటి పేరే లేదండీ," అంది. "ఇటు జరుపు, పెద్దది చేసి చూడు," అంటూ అతను తల దూర్చాడు. లిఫ్ట్ కిందికి దిగింది. తలుపులు తెరుచుకుని, మళ్ళీ మూసుకున్నాయి. ఇద్దరూ ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

లేదన్న మాట నాకు పడలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని. ఉన్నదాన్ని లేదంటే ఊరుకోలేను. అందుకే రాస్తున్నాను. తేదీలు నా దగ్గర ఉన్నాయి గానీ ఇక్కడ వేయడం లేదు. పేర్లూ అంతే. వాటితో పని ఉన్నవాళ్ళు ఇప్పుడు ఒకళ్ళిద్దరే మిగిలారు, వాళ్ళకి నేను చెప్పక్కరలేదు. నేను కళ్ళారా చూసింది చూసినట్టు, ఒకరు చెప్పగా విన్నది విన్నట్టు రాస్తాను.

కృష్ణ సముద్రంలో కలిసే ముందు రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య మిగిలిన నేలని మేము దీవి అంటాం. పైన అంతా వరి, చెరకు, పసుపు. కిందికి పోయేకొద్దీ నేల ఉప్పుబారుతుంది, పొలాలు ఆగిపోతాయి, మడ అడవి మొదలవుతుంది. సముద్రపు ఒడ్డంటే ఇసుకా, అలలూ అనుకునేవాళ్ళు అక్కడికి పోతే బెదిరిపోతారు. ఎలుకలు కొరికిన చాప అంచులా ఉంటుంది ఆ ఒడ్డు. ఎక్కడికక్కడ ఉప్పునీటి పాయలు లోపలికి చొచ్చుకొస్తాయి. బురదలోంచి మడచెట్ల వేళ్ళు మేకుల్లా నిటారుగా పొడుచుకొస్తాయి. వాటికి పట్టిన ఆల్చిప్పల అంచులు చాకుల్లాంటివి. గాలివానలకి కూలిన మోళ్ళు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. ఉడికిన కోడిగుడ్డు పెంకు తీస్తే ఒక వాసన వస్తుంది చూడండి, ఆ బురదంతా అదే వాసన. మొదట ముక్కు మూసుకుంటాం. కాసేపటికి అది గాలిలో భాగమైపోతుంది.

ఆ ఒడ్డున ఒకచోట గవ్వలూ, ఆల్చిప్పలూ పేరుకుని ఎత్తైన గట్టు ఉండేది. దాని మీద నాలుగు ఈతచెట్లు. అదే అలకదిబ్బ. ఆ పేరు ఎందుకొచ్చిందంటే మా ఇంట్లో మామ్మ ఒకటి చెప్పేది, చేపలు పట్టేవాళ్ళు ఇంకొకటి చెప్పేవాళ్ళు. మొగుడి మీద అలిగిన ఒకావిడ పడవ దిగిపోయి ఆ గట్టు మీద కూర్చుందనీ, అతను వచ్చి బతిమాలేదాకా లేవలేదనీ మామ్మ మాట. చేపలవాళ్ళేమో, అలిగింది మనుషులు కాదు, నీళ్ళు అనేవాళ్ళు. అక్కడ ఏటినీళ్ళు ఎర్రగా వచ్చి సముద్రపు నీళ్ళ పక్కన నిలబడతాయి, చాలా దూరం కలవవు. మధ్యలో గీత గీసినట్టు కనబడుతుంది. గీత నేను చూశాను. ఆవిణ్ణి చూడలేదు.

పేరు ఎట్టా వచ్చినా, ఆ పేరును జనం వాడుకున్న తీరు మాత్రం మా వైపు వాళ్ళకే సాధ్యం. ఇంట్లో ఇద్దరికి, ఎక్కువగా ఆడవాళ్ళకి, మాటలు లేకపోతే, పెద్దలు కొన్నాళ్ళు చూసి, ఇద్దర్నీ పడవెక్కించి దిబ్బ మీద దించేసి వచ్చేవాళ్ళు. ఒక పూట అక్కడ వండుకుని తినాలి. బియ్యం, పప్పు, అగ్గిపెట్టె ఒకరి చేతికి. కుండ, పుల్లలు, మంచినీళ్ళు ఇంకొకరి చేతికి. ఉప్పు మాత్రం వెంట వెళ్ళే చిన్నపిల్ల దగ్గర ఉంటుంది. ఇద్దరూ కలిసి ఒక్క గొంతుతో అడిగితేనే ఆ పిల్ల ఉప్పు ఇవ్వాలి. అప్పటిదాకా నోరెత్తకూడదు. తర్వాతి పోటుకి నీళ్ళెక్కగానే పడవ వస్తుంది. దిబ్బ మీద ఏం మాట్లాడుకున్నారని తిరిగొచ్చాక ఎవరూ అడగకూడదు.

మా ఇంట్లో మాటలు లేనిది అమ్మకీ, మా మేనత్తకీ.

అమ్మ కాపరానికి వచ్చేనాటికి నాన్నకి చెల్లెలైన మా అత్త చంకలో పిల్ల. మా నాయనమ్మ ఆ తర్వాత ఎక్కువకాలం లేదు. అందుకని అత్తకి నీళ్ళు పోసింది, జడ వేసింది, బడికి పంపింది అన్నీ అమ్మే. నాకన్నా అత్త పదేళ్ళు పెద్ద. అమ్మకి మొదటి కూతురు తనే, నేను రెండోదాన్ని అని ఊళ్ళో నవ్వేవాళ్ళు. ఇంటికి పెద్ద మామ్మ, అంటే మా తాతగారి అక్క. తాతగారు పోయాక కూడా ఆవిడ పెత్తనం తగ్గలేదు. నడుముకి పొడుం డబ్బీ, చేతిలో పంచాంగం.

అత్తని చూడ్డానికి పెళ్ళివారొచ్చారు. అమ్మ ముందు రోజంతా మినుములు వేయించి, విసిరి, సున్నుండలు చుట్టింది. నేతివాసన వీధి మలుపుదాకా వచ్చింది. డబ్బాలోంచి నేను ఎన్ని తీశానో ఎవరికీ తెలియదు. మిగిలినవాటిని పిరమిడ్‌లా పేర్చి లోటు కనబడకుండా చేశాను. పెళ్ళికొడుకు తల్లి ఒకటి కొరికి, "అమ్మాయి చేసిందా అండీ?" అంది.

"మరే! పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరే," అంది మామ్మ, రెప్ప వేయకుండా.

అమ్మ నవ్వేసింది. "మా ఆడపడుచుకి పొయ్యి రాజేయడమే రాదండీ, సున్నుండలెక్కడ!"

మామ్మ చెయ్యి పొడుం డబ్బీ మీదకి పోయింది. తర్వాత ఆ వచ్చినావిడే పకపకా నవ్వి, "పోన్లెండి, నిజం చెప్పే ఇల్లు," అంది. సంబంధం ఖాయమైంది. కానీ అత్త ముఖం మాడిపోయింది. వాళ్ళ బండి వీధి దాటగానే గదిలోకి పోయి, అమ్మతో మాట మానేసింది. ఒకరోజు చూసి అమ్మ కూడా బిగుసుకుంది. "ఉన్నమాట అంటే అలకేందీ?" అని గోడతో చెప్పింది.

అక్కణ్ణుంచి రాయబారాలు నా పని. "ముహూర్తం చీర ఏ రంగు కావాలో మీ అత్తనడుగు." "ఏ రంగైనా ఒకటేనని మీ అమ్మకి చెప్పు." నేను ఊరికే మోయలేదు. మధ్యలో నా మాటలు కొన్ని కలిపేదాన్ని. "నాకు బెల్లంముక్క ఇవ్వమంది అత్త," అని అమ్మకి చెబితే, అమ్మ పళ్ళు కొరుకుతూ ఇచ్చేది. ఆ నెలలో తిన్నంత బెల్లం మళ్ళీ తినలేదు. నాన్న మాత్రం రెండువైపులా మాట్లాడలేక, అన్నం తిన్నాక గబగబా పొలం పోయేవాడు.

పెళ్ళి దగ్గరపడింది. ఒకరోజు మామ్మ వంటింటి గుమ్మంలో చతికిలబడి అమ్మతో అంది, "ఏమే, దానికి తల్లి ఉందా?"

అమ్మ రోట్లో ఇంకో గుప్పెడు పప్పు వేసింది.

"లేదు గదా. మరి దానికి పుట్టిల్లంటే నువ్వే. నీతో మాటల్లేకుండా అత్తారింటికి పోయిందనుకో, రేపు కష్టమొచ్చినా సుఖమొచ్చినా ఏ గుమ్మం ఎక్కుద్దీ? వీధిలోంచి చూసి పోద్దా?"

అమ్మ పప్పు రుబ్బడం ఆపలేదు. కానీ పొత్రం తిరిగే చప్పుడు మారింది. అది నాకు బాగా గుర్తు.

మామ్మ పంచాంగం విప్పింది. అష్టమి, నవమి పనికిరావు, దశమి దివ్యంగా ఉంది అంది. దిబ్బకి మనుషుల్ని మామూలుగా చేపలు పట్టేవాళ్ళ చిన్న నావల్లో తీసుకెళ్ళేవాళ్ళు. మామ్మ మాత్రం, "పరాయివాళ్ళెందుకు, మన ధాన్యం పడవ ఉందిగా," అని కాలవ పడవే మాట్లాడింది. ఆ పడవ నడిపే సరంగుకి బందరు కాలవంతా అరచేయి. ఉప్పునీళ్ళ సంగతి అంతంతమాత్రం. పొలాల మనుషులం, మాకు తిథి అంటే మంచిచెడ్డలే. తిథిని బట్టి సముద్రం ఎత్తూ పల్లమూ అవుతుందని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. పున్నమికీ, అమావాస్యకీ నీళ్ళు పొంగుతాయి. అష్టమి దాటాక నీరసపడతాయి. దశమినాడైతే మరీ. ఆ లెక్క నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను.

తెల్లవారకముందే బయలుదేరాం. పడవలో తారు వాసన, పాత వడ్ల వాసన. అమ్మ ముందు కొసన కూర్చుంది, అత్త వెనక కొసన. మధ్యలో ఉప్పు మూట ఒళ్ళో పెట్టుకుని నేను. చివరి లాకు దాటి పాయలోకి రాగానే పొద్దుపొడిచింది. పడవ అడుగు ఒకటి రెండుసార్లు బురదకి రాసుకుంది. "నీళ్ళు తక్కువున్నయ్యేందబ్బా," అని సరంగు తనలో తను అనుకున్నాడు. దిబ్బకి ఆనించి, మమ్మల్ని దించి, "పొద్దువాలేటప్పటికి వస్తానమ్మా," అని వెళ్ళిపోయాడు.

నేను అటువంటి చోటు అదే చూడటం. కాలిబొటనవేలంత ఎర్రపీతలు వేలకొద్దీ ఒక్కసారిగా కన్నాల్లోకి మాయమయ్యేవి. కదలకుండా కూర్చుంటే మళ్ళీ ఒక్కటొక్కటే బయటికొచ్చేవి. నోరెత్తకూడదన్న నిబంధన వల్ల నాకు పీతలతోనే స్నేహం. అమ్మ ఒక ఈతచెట్టు కింద, అత్త మరో ఈతచెట్టు కింద. 

ఆకలి ముందు అత్తకి వేసింది. అమ్మ కుండా, పుల్లలూ మధ్యలో పెట్టి దూరంగా జరిగింది. అత్త మూడు ఆల్చిప్పల గుట్టలు చేసి కుండ నిలబెట్టి అగ్గిపుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అదీ ఆరింది. అమ్మ చూస్తూ కూర్చుంది. చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, లేచి పోకుండా. పెట్టెలో పుల్లలు అయిపోవస్తుండగా అమ్మ సముద్రం వైపు చూస్తూ, "గాలికి వీపు పెట్టాలి ఎవరైనా," అంది. అత్త విననట్టే గాలికి వీపు తిప్పి కూర్చుంది. మంట అంటుకుంది.

పప్పూ బియ్యం కలిపి ఉడికించింది. ఇక ఉప్పు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను మూట గట్టిగా పట్టుకున్నాను. అమ్మ నోరు తెరుస్తుందని అత్త, అత్త తెరుస్తుందని అమ్మ. చివరికి అత్త లేచి, కొబ్బరిచిప్పతో పాయలో నీళ్ళు ముంచుకొచ్చి కుండలో పోసేసింది. చుట్టూ అంత ఉప్పు ఉండగా నన్ను అడగడమెందుకు అన్నట్టు నావైపు ఒక చూపు చూసింది.

ఆ ముద్ద రుచి ఇప్పటికీ నాలుక మీదుంది. ఉప్పు కాదు, కటిక చేదు, దానికి తోడు బురద వాసన. నేను ఉమ్మేశాను. వాళ్ళిద్దరూ మాత్రం రెప్ప వేయకుండా తిన్నారు. అమ్మ ఆఖరి మెతుకుదాకా తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ తన ఈతచెట్టు కిందికి పోయింది. అంత మొండివాళ్ళు దిబ్బ పుట్టాక వచ్చి ఉండరు.

పొద్దువాలింది. పడవ కనబడింది గానీ దగ్గరకి రాలేదు. చాలా దూరంలోనే బురదలో కూరుకుని ఆగింది. సరంగు చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. గాలికి మాటలు ఎటో పోతున్నాయి. అమ్మ కాసేపు చూసింది. చీకటిపడితే చిన్నపిల్లతో, పెళ్ళికూతురితో ఆ అడవిలో ఉండటమా? చీర ఎగదోపి, నన్ను చంకనేసుకుని బురదలోకి దిగింది.

నాలుగడుగులు బాగానే వేసింది. అయిదో అడుగు మోకాలు దాటి దిగబడింది. రెండో కాలు తీయబోతే అదీ దిగబడింది. తొడలదాకా పోయింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. వెనకనుంచి అత్త, తను కూర్చున్న గోనెపట్టా తెచ్చి బురద మీద పరిచి, దాని మీద మోకాళ్ళ మీద పాకుతూ వచ్చింది. ముందు నన్ను లాక్కుని గట్టు మీదకి చేర్చింది. తర్వాత మళ్ళీ పాక్కుంటూ పోయి అమ్మ మోచేతులు పట్టుకుంది.

"కాళ్ళు ఆడించమాక వదినా. ఆడిస్తే ఇంకా దిగబడతావు."

"నీకెట్టా తెలుసు?"

"మన బర్రె దిగబడితే అన్నయ్య తీయటం చూశాగా."

"అంటే నేను బర్రెనా?"

"బర్రె అయితే చెప్పినమాట వినేది."

అమ్మ నవ్వబోయింది. నవ్వితే ఇంకో అంగుళం దిగింది. అప్పుడు అత్త ఒక్కసారిగా ఏడ్చేసింది. "పొయ్యి రాజేయటం రాదన్నావు అందరి ముందూ. ఎప్పుడు రానిచ్చావు నన్ను? వంటింట్లోకొస్తే చెయ్యి కాలుద్దని తరిమేదానివి. ఇప్పుడు రాదని నువ్వే నవ్వుతావా?"

అమ్మ బురదలో నిలబడి అత్త ముఖం వైపు చూస్తూ ఉంది. ఆ తర్వాత అమ్మ అన్న మాట నేను గట్టు మీదనుంచి విన్నాను. సరిగ్గా విన్నాను.

"ఆ మాటంటే వాళ్ళు వద్దంటారనుకున్నానే పిల్లా. లేచిపోతారనుకున్నా. నువ్వు పోతే ఆ ఇంట్లో నేను ఎవరితో ఉండాలి?"

అత్త పట్టు సడలలేదు గానీ ఏడుపు ఆగిపోయింది. అమ్మ కూడా అత్త మోచేతులు గట్టిగా పట్టుకుంది. తర్వాత అత్త బలమంతా పెట్టి లాగింది. ఒక కాలు జుర్రుమన్న చప్పుడుతో ఊడింది, దాని వెనకే రెండోదీ, దాంతో ఇద్దరూ ఒకరి మీద ఒకరు బురదలో పడ్డారు. ఒళ్ళంతా నల్లటి బురద. ముఖాల మీద కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. అత్త నవ్వింది. నేను నిబంధన మరచి, "ఉప్పు కావాలా?" అని అడిగేశాను. వాళ్ళ నవ్వు రెట్టింపైంది.

అప్పటికి సరంగు బస్తాలు దించే పొడుగాటి బల్లలు బురద మీద ఒకదాని ముందు ఒకటి వేసుకుంటూ మమ్మల్ని చేరాడు. "అక్కడే ఉండండి, బల్లలు తెస్తన్నానని గొంతు చించుకున్నా గదమ్మా! వినపళ్ళేదా?" అన్నాడు.

"వినపడితే ఇంత సంబరం ఉండేదా అయ్యా?" అంది అత్త.

ఇంటికొచ్చేసరికి మామ్మ లాంతరు పట్టుకుని అరుగు మీదుంది. మా ముగ్గురినీ కిందనుంచి పైదాకా చూసింది. దిబ్బ మీద జరిగింది అడగకూడదు కాబట్టి అడగలేదు. పొడుం పీల్చి, "దశమి దివ్యంగా ఉందని నేను ముందే అన్నా," అంది. ఆ మాట చచ్చేదాకా అంటూనే ఉంది.

పెళ్ళి జరిగింది. పెళ్ళికూతుర్ని చేసిన రోజున అమ్మ అత్తకి తలంటిపోసింది. జుట్టులోంచి ఒక గవ్వముక్క రాలిందని అమ్మ చెప్పేది. ఇది నేను చూడలేదు. వియ్యాలవారి బండి కదిలేటప్పుడు అందరూ ఏడుపు కోసం ఎదురుచూశారు. వాళ్ళిద్దరూ మాగాయ జాడీకి మూత గట్టిగా కట్టావా లేదా అని పోట్లాడుకుంటున్నారు.

తర్వాత ఎన్నో గాలివానలు వచ్చాయి. మడ అడవి కొంత రొయ్యల చెరువుల కిందికి పోయింది, కొంత సముద్రంలోకి పోయింది. దిబ్బ ఇప్పుడు లేదని ఒకరు, కాస్త తూర్పుకి జరిగిందని ఒకరు అంటారు. మనుషుల్ని తీసుకెళ్ళి దించే ఆచారం మాత్రం మా తరంతోనే పోయింది. ఇప్పుడు అలిగితే ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుంటున్నారు. ఎవరి గదికి వాళ్ళకి ఉప్పూ, నిప్పూ, నీళ్ళూ అన్నీ ఉంటున్నాయి. అందుకు బాధగా రాయడం లేదు. ఇంటినిండా మనుషులున్న కాలానికి ఆ దిబ్బ కావలసి వచ్చింది, అంతే.

నేను ఎక్కువగా తలుచుకునేది దిబ్బని కాదు, ఆ ఏడాది ఆషాఢం ముందు రోజుల్ని. కొత్త పెళ్ళికూతుర్ని ఆషాఢానికి పుట్టింటివాళ్ళు వెళ్ళి తీసుకురావాలి. అది పద్ధతి. నాన్న మంచిరోజు చూసుకుని బయలుదేరాలనుకుంటున్నాడు. ఆషాఢం ఇంకా రానేలేదు. ఒక మధ్యాహ్నం వాన వెలిశాక, వీధిలో గూడుబండి ఆగింది. అత్త ఒక్కతే దిగింది. ఒక చేతిలో రేకుపెట్టె, ఇంకో చేతిలో తడిసిన చెప్పులు.

అమ్మ గుమ్మంలోకొచ్చింది. చేతికి పిండి ఉంది. "ఇదేందే! పిలవకుండా ఎట్టా వచ్చావు? ఎవరన్నా వింటే ఏమనుకుంటారు? మీ అన్నయ్య ఎల్లుండి బయలుదేరుతున్నాడు గదా!"

"నా ఇంటికి నన్ను పిలిచేదేంది?" అంది అత్త. "తప్పుకో వదినా, కాళ్ళు కడుక్కోవాలి."

అమ్మ తప్పుకుంది. అత్త పెట్టె అక్కడే వదిలేసి, కాళ్ళు కడుక్కుని, తడికాళ్ళతో తిన్నగా వంటింట్లోకి పోయింది. ఆ తడి అడుగులు ఆరిపోయేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడి చూస్తూ ఉంది.